ప్రాణహిత ఒడ్డున మధ్యజీవ మహాయుగం



కాళేశ్వరం వెళ్ళినవాళ్ళు ప్రాణహిత, గోదావరి కలిసే చోట స్నానం చేస్తారు. ముక్తీశ్వరుణ్ణి దర్శించుకుని, అవతలి ఒడ్డున ఉన్న సిరోంచ వైపు ఒకసారి చూసి తిరిగొస్తారు. ఆ సంగమానికి ఎగువన, ఇటు మన మంచిర్యాల, ఆసిఫాబాద్ జిల్లాల్లోనూ, అటు మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోనూ పత్తి చేల కింద, టేకు అడవుల కింద ఎర్రమట్టి పొరలు, ఇసుకరాయి పొరలు ఉన్నాయి. వాటి గురించే ఈరోజు నా ప్రసంగం. ఎందుకంటే భూమ్మీద జీవం తీరుతెన్నులు మారిపోయిన ఒక మహాయుగం ఆ పొరల్లో వరసగా పేరుకుని ఉంది. దాన్ని మధ్యజీవ మహాయుగం అంటారు, మెసోజోయిక్ అని కూడా అంటారు. అది 25 కోట్ల 20 లక్షల ఏళ్ళ కిందట మొదలై, 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట ముగిసింది. అందులో మూడు భాగాలు: ట్రయాసిక్, జురాసిక్, క్రెటేషియస్.

పిల్లల పుస్తకాల్లో దీన్ని రాక్షసబల్లుల యుగం అని రాస్తారు. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ మాట విన్నవాళ్ళ మనసులో ఒక వరస ఏర్పడిపోతుంది: ముందు రాక్షసబల్లులు వచ్చాయి, అవి పోయాక పాలిచ్చే జంతువులు వచ్చాయి, ఆ తర్వాత మనం వచ్చాం అని. మన గోదావరి లోయ చెప్పేది ఇది కాదు. రాక్షసబల్లుల వంశం, పాలిచ్చే జంతువుల వంశం రెండూ దాదాపు ఒకే కాలంలో, ట్రయాసిక్ రెండో సగంలో మొదలయ్యాయి. రెండూ మొదట్లో చిన్న జంతువులే. ఒకటి నూరు బస్తాల బరువుకు పెరిగింది. ఇంకొకటి పిడికిట్లో పట్టేంత ఒంటితో 14, 15 కోట్ల ఏళ్ళు గడిపింది. ఈ తేడా ఎలా వచ్చిందన్నదే నన్ను ఈ విషయం దగ్గర కట్టిపడేసిన ప్రశ్న.

కథ మొదలయ్యేది బొగ్గు దగ్గర. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. సింగరేణి అక్కణ్ణుంచే మొదలైంది. కొత్తగూడెంలో, రామగుండంలో, మందమర్రిలో మనం తవ్వి తీస్తున్న బొగ్గు మధ్యజీవ మహాయుగానిది కాదు, దానికి ముందున్న పెర్మియన్ కాలానిది. అప్పుడు మన దేశం ఆఫ్రికా, అంటార్కిటికా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికాలతో కలిసి గోండ్వానా అనే ఒకే ఖండంగా ఉండేది. చిత్తడి నేలల్లో గ్లోసోప్టెరిస్ అనే చెట్లు దట్టంగా పెరిగేవి. నాలుక ఆకారంలో పొడుగ్గా ఉండే వాటి ఆకుల అచ్చులు గనుల్లోని రాతిపలకల మీద ఈనెలతో సహా ఇప్పటికీ కనిపిస్తాయి. బొగ్గు పొరలు దాటి పైకి, అంటే ఇటు దగ్గరి కాలానికి వస్తే గ్లోసోప్టెరిస్ కనబడదు, బొగ్గూ కనబడదు. మన దగ్గరే కాదు, ప్రపంచంలో ఎక్కడా ఆ తర్వాత సుమారు కోటి ఏళ్ళ పాటు బొగ్గు పొరలు ఏర్పడలేదు. బొగ్గు కావలసినంత అడవే లేకపోయింది.

ఏం జరిగింది? సైబీరియాలో నేల నెర్రెలు విచ్చి లావా పొంగింది. ఒకటి రెండు కొండలు పేలి ఊరుకున్న వ్యవహారం కాదది. లక్షల చదరపు కిలోమీటర్ల మేర లావా పరుచుకుంది. దాంతోపాటు వచ్చిన వాయువులు గాలిని వేడెక్కించాయి. సముద్రం వేడెక్కింది, నీళ్ళలో ఆక్సిజన్ తగ్గింది, నీరు ఆమ్లంగా మారింది. సముద్రంలో ఉండే జాతుల్లో పదింట ఎనిమిది, తొమ్మిది పోయాయి. ట్రైలోబైట్లు పూర్తిగా అంతరించాయి. నేల మీద పురుగులకు కూడా దెబ్బ తగిలింది. భూమి చరిత్రలో ఇంతకు మించిన వినాశం మరొకటి లేదు. మధ్యజీవ మహాయుగం తలుపు తెరుచుకున్నది ఈ శ్మశానంలోకి.

బతికినవాటిలో లిస్ట్రోసారస్ అనే జంతువు గురించి చెప్పాలి. పందంత ఒళ్ళు, పొట్టి కాళ్ళు, పైదవడకు రెండు కోరలు, ముక్కులా మొనదేలిన నోరు. దాని ఎముకలు బెంగాల్లోని రాణీగంజ్ బొగ్గు ప్రాంతంలో దొరికాయి, దక్షిణాఫ్రికాలో దొరికాయి, చైనాలో దొరికాయి. 1969లో అంటార్కిటికా మంచు కొండల్లో కూడా దొరికాయి. సముద్రాలు ఈదలేని జంతువు అన్ని చోట్ల ఉందంటే అప్పట్లో ఆ నేలలన్నీ కలిసే ఉండాలి. ఖండాలు కదులుతాయన్న వాదానికి ఇది పెద్ద బలమైంది. ఇంకో సంగతి కూడా గమనించండి. చూడ్డానికి ఎలా ఉన్నా లిస్ట్రోసారస్ బల్లుల వంశంది కాదు, పాలిచ్చే జంతువులకు దూరపు చుట్టం. అంటే వినాశం తర్వాత మొదట నేలను ఏలింది మన వైపు బంధువులే. మన లోయలో ఎర్రపల్లి పొరల్లో దొరికిన వాడియాసారస్ కూడా ఆ వర్గానిదే. భూగర్భ శాస్త్రజ్ఞుడు డి.ఎన్. వాడియా పేరు దానికి పెట్టారు. చాలా జంతువుల ఎముకలు ఒకేచోట దొరికాయి కాబట్టి అవి మందలుగా తిరిగేవనుకుంటున్నారు.

ఇక మలేరి. ఆసిఫాబాద్ వైపున్న ఈ చిన్న ఊరి పేరు ప్రపంచంలోని శిలాజ శాస్త్రజ్ఞులందరికీ తెలుసు. 19వ శతాబ్దంలో నాగపూర్‌లో ఉన్న స్టీఫెన్ హిస్లప్ అనే మతబోధకుడు ఈ ప్రాంతపు శిలాజాల మీద మనసుపెట్టాడు. ఆ తర్వాత వందేళ్ళకు, 1957లో, కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ నడుపుతున్న మహలనోబిస్ పిలుపు మీద లండన్ నుంచి పమేలా రాబిన్సన్ అనే శాస్త్రజ్ఞురాలు వచ్చింది. గణాంక శాస్త్ర సంస్థకు రాక్షసబల్లులతో ఏం పని అని మీకనిపించవచ్చు. మహలనోబిస్‌కు అలాంటి గోడలు లేవు. ఆ సంస్థలో తయారైన యువ శాస్త్రజ్ఞులు ఈ లోయ అంతా కాలినడకన గాలించారు. ఆ ఋణం గుర్తుంచుకుని, ఇక్కడ దొరికిన ఒక జంతువు పేరు చివర స్టాటిస్టిసే అని చేర్చారు. అది ఎక్సేరిటోడాన్. ఆ జంతువూ పాలిచ్చే జంతువుల వంశానికి దగ్గరిదే.

మలేరి ఎర్రమట్టి సుమారు 22 కోట్ల ఏళ్ళ నాటి నదీ మైదానం. వానాకాలం, ఎండాకాలం విడివిడిగా ఉండేవి. వాగుల్లో ఊపిరితిత్తుల చేపలుండేవి. అలాంటి చేప ఈరోజుకీ ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ నదుల్లో ఉంది. నీటి అడుగున బల్లపరుపు తలలతో పెద్ద పెద్ద ఉభయచరాలు పడుకుని ఉండేవి. ఒడ్డున రింకోసార్లు గుంపులుగా మేసేవి. వీటి దవడ చూసి తీరాలి. పైదవడలో వరసలు వరసలుగా పళ్ళు, వాటి మధ్య ఒక గాడి. కింది దవడ అంచు పదునుగా ఉండి సరిగ్గా ఆ గాడిలోకి దిగుతుంది. పోకచెక్కను అడకత్తెర కొరికినట్టు గట్టి కాడల్ని, వేళ్ళని కొరికి తినేవి. ఆ కాలంలో ఇక్కడ అన్నిటికన్నా ఎక్కువగా ఉన్న శాకాహారి అదే. దానికి హైపెరోడాపెడాన్ హక్స్‌లీ అని పేరు.

నీళ్ళలో వేటాడేది పారాసుకస్. బొమ్మ చూస్తే మొసలి అనుకుంటారు. పొడుగాటి మూతి, నిండా పళ్ళు, వీపు మీద పెంకులు. కానీ ముక్కు రంధ్రాలు మూతి చివర ఉండవు, వెనక్కి జరిగి కళ్ళకు కాస్త ముందు ఉంటాయి. ఇది మొసలికి తాత కాదు, వేరే వంశం. మొసలి బతుకు మొసలి కన్నా ముందే బతికి పోయింది. మలేరిలో పారాసుకస్‌వి రెండు అస్థిపంజరాలు దాదాపు పూర్తిగా, ఒకదాని పక్కన ఒకటి దొరికాయి. వాటిని జాగ్రత్తగా శుభ్రం చేస్తుంటే కడుపు భాగంలో వేరే ఎముకలు కనిపించాయి. అవి మీటరు పైచిలుకు పొడవున్న, బల్లిలాంటి ఒక సన్నటి సరీసృపానివి. చివరిసారి తిన్న ఆ తిండి అరక్కముందే ఆ రెండూ చచ్చిపోయాయన్నమాట. ఆ తిండి శాస్త్రానికి కొత్త జంతువు. దానికి మలేరిసారస్ రాబిన్సనే అని పేరు పెట్టారు, పమేలా రాబిన్సన్ పేరు మీద. 22 కోట్ల ఏళ్ళ నాటి ఒక పూట భోజనం మనకు ఇంత స్పష్టంగా దొరకడం తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

మరి రాక్షసబల్లులు? ఉన్నాయి. కానీ వెతకాలి. ఆల్వాకేరియా అని ఒక చిన్న జంతువు, కొన్ని ఎముకలే దొరికాయి, వాటిలో కొన్ని వేరే జంతువులవని తర్వాత అనుమానం వచ్చింది. అంతే. ఆనాడు మలేరి ఒడ్డున నిలబడి ఈ జంతువుల్లో రేపు లోకాన్ని ఏలబోయేది ఏదని ఎవరైనా అడిగి ఉంటే, రింకోసార్ అనో పారాసుకస్ అనో చెప్పేవాళ్ళు. రెండు కాళ్ళ మీద పొదల మధ్య పరిగెత్తే ఆ చిన్నదాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకునేవాళ్ళు కాదు.

మలేరిలోనే పై పొరలు, వాటి మీద ధర్మారం పొరలు ఉన్నాయి. అక్కడికి వచ్చేసరికి రింకోసార్లు లేవు. వాటి జాగాలో పొడుగు మెడ రాక్షసబల్లులు కనబడతాయి. 2011లో వివరించిన రెంటికి జక్లపల్లిసారస్ అనీ, నంబాలియా అనీ ఇక్కడి పల్లెల పేర్లే పెట్టారు. ఆ పైన 20 కోట్ల 10 లక్షల ఏళ్ళ కిందట మళ్ళీ లావా పొంగింది. ఈసారి ఆఫ్రికాకు, అమెరికాకు మధ్య. అట్లాంటిక్ సముద్రం పుట్టుకకు అది నాంది. పారాసుకస్ బంధువులు మొత్తం పోయాయి. మొసళ్ళ వైపు వంశాల్లో చాలావరకు పోయాయి. రాక్షసబల్లులు మిగిలాయి. వాటి ఊపిరితిత్తులకు పక్షులకున్నట్టు గాలిసంచులు ఉండటం, ఒంటి మీద ఈకల్లాంటి నూగు ఉండటం కలిసొచ్చాయని కొందరంటారు. అదంతా నిజమే కావచ్చు. కానీ నాకు కనిపించేది ఇంకోటి. పోటీదారులు పోయిన తర్వాతే అవి పెరిగాయి. వాటికి జాగా దొరికింది. ఆ జాగా ఇచ్చింది లావా.

జాగా దొరికితే ఏమవుతుందో చూడాలంటే కోట పొరల దగ్గరికి రావాలి. కోట సిరోంచ దగ్గరి ఊరు. అక్కడి సున్నపురాతి పలకల్లో పొలుసులు మెరిసే చేపలు 19వ శతాబ్దంలోనే దొరికాయి. 1960, 61లలో ఇదే లోయలో పోచంపల్లి అనే ఊరి దగ్గర పెద్ద ఎముకల దిబ్బ బయటపడింది. చీరల పోచంపల్లి కాదు, ఇది వేరు. కనీసం ఆరు జంతువులవి దాదాపు 300 ఎముకలు, రాయిగా మారిన పెద్ద పెద్ద చెట్ల మొద్దుల మధ్య చిక్కుబడి ఉన్నాయి. వరదలో ఒక మంద కొట్టుకొచ్చి మానులతో పాటు ఇసుకలో కూరుకుపోయిందని అనుకుంటున్నారు. ఒక్క తొడ ఎముక పొడవు 1.7 మీటర్లు. మనలో చాలామంది ఎత్తు కన్నా ఎక్కువ. 1961 రవీంద్రనాథ్ టాగూర్ శతజయంతి సంవత్సరం కాబట్టి ఆయన పేరు కలిపి ఆ పొడుగు మెడ రాక్షసబల్లికి బారపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. 1975లో శాస్త్రలోకానికి ప్రకటించారు. దాని అస్థిపంజరం కలకత్తాలోని ఆ గణాంక సంస్థ మ్యూజియంలో నిలబడి ఉంది.

కలకత్తా దాకా వెళ్ళలేనివాళ్ళు హైదరాబాద్‌లో నౌబత్ పహాడ్ ఎక్కండి. బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ ఉంది. పూర్వపు ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర జియొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళు తవ్వి తీసిన ఎముకలవి. పి. యాదగిరి 1988లో దాన్ని కోటసారస్ యామనపల్లియెన్సిస్ అని ప్రకటించారు. పన్నెండు జంతువుల ఎముకలు దొరికితే ఒక్కదాని పుర్రె కూడా దొరకలేదు, కొన్ని పళ్ళు మాత్రం దొరికాయి. బారపాసారస్‌దీ అదే పరిస్థితి. పొడుగు మెడ చివర చిన్న తల, బలహీనమైన అతుకు. చచ్చిన తర్వాత మొదట ఊడి కొట్టుకుపోయేది అదే. మ్యూజియంలో పిల్లలు దాని కాళ్ళ దగ్గర నిలబడి ఫొటో తీయించుకుంటారు. అది మన ఊళ్ళ దగ్గరి జంతువని వాళ్ళకు ఎవరూ చెప్పరు. మంచిర్యాల నుంచి వచ్చిన పిల్లలకు కూడా. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

అదే కోట పొరల్లో ఇంకో వెతుకులాట జరిగింది. దీనికి గడ్డపారలు పనికిరావు. బంకమట్టిని బస్తాల కొద్దీ తెచ్చి, నీళ్ళలో నానబెట్టి, సన్నటి జల్లెళ్ళలో కడగాలి. మిగిలిన నలుసుల్ని ఆరబెట్టి, సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్కటీ ఏరాలి. రోజుల తరబడి ఏరితే ఎప్పుడో ఒక పన్ను కనిపిస్తుంది. మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లు, అంతే. కానీ ఆ పన్ను మీద చిన్న చిన్న శిఖరాలుంటాయి, వేళ్ళు రెండుగా చీలి ఉంటాయి. అది పాలిచ్చే జంతువు పన్ను. 1981లో పి.ఎం. దత్తా అలాంటి ఒకదానికి కోటథీరియం హాల్డేనీ అని పేరు పెట్టారు. మన దేశాన్నే తన దేశం చేసుకున్న జీవశాస్త్రజ్ఞుడు జె.బి.ఎస్. హాల్డేన్ గుర్తుగా. బారపాసారస్ నడిచిన నేల మీదే, దాని అడుగు కింద పడకుండా తప్పించుకుంటూ, ఈ చుంచెలుకంత జంతువు పురుగుల్ని ఏరుకు తినేది.

చిన్నగా ఉండిపోవడం ఓడిపోవడం కాదు. ఆ సుదీర్ఘ కాలంలో పాలిచ్చే జంతువుల్లో చాలా మార్పు జరిగింది. పైపళ్ళు, కింది పళ్ళు ఒకదాంట్లో ఒకటి అమరి నమలగలిగాయి. దవడ వెనక ఎముకలు చిన్నవై చెవిలోకి చేరాయి, సన్నటి చప్పుడు వినే శక్తి వచ్చింది. ఒంటి మీద బొచ్చు, ఒంట్లో స్థిరమైన వేడి ఉండటంతో చల్లటి రాత్రుల్లో తిరగగలిగాయి. మనం ఈరోజు వింటున్నది ఆ చెవులతోనే. ఈ ప్రసంగం కూడా.

బయటి ప్రపంచంలో ఈలోగా ఎన్నో జరిగాయి. జర్మనీలోని బవేరియాలో 1861లో దొరికిన ఆర్కియోటెరిక్స్ 15 కోట్ల ఏళ్ళ నాటిది, రాక్షసబల్లికీ పక్షికీ మధ్య నిలబడినది. 1996లో చైనా నుంచి నూగు ఈకలున్న రాక్షసబల్లి బయటపడ్డాక, పక్షులు ఆ వంశానివేనన్న సంగతిలో అనుమానం మిగల్లేదు. సముద్రాల్లో చుట్టలు చుట్టుకున్న అమ్మొనైట్లు రాజ్యమేలాయి. వాటి కథ చెప్పాలంటే తమిళనాడులోని అరియలూరుకు వెళ్ళాలి, అంత సమయం లేదు.

క్రెటేషియస్‌లో అన్నిటికన్నా పెద్ద మార్పు పూలు. అంతకుముందు అడవులంటే సైకస్‌లు, దేవదారు జాతులు, ఫెర్న్‌లు. పూలచెట్లు వచ్చి, తేనెటీగల్లాంటి కీటకాలతో జత కట్టి, అడవి స్వరూపాన్నే మార్చేశాయి. ఇందులో మనకు దగ్గరి సాక్ష్యం ఒకటుంది. చంద్రపూర్ జిల్లాలో పిస్‌దురా అనే ఊరి దగ్గర రాక్షసబల్లుల పేడ రాయిగా మారి దొరుకుతుంది. అందులో గడ్డిజాతుల సూక్ష్మమైన సిలికా రేణువులున్నాయని 2005లో మన శాస్త్రజ్ఞులు విదేశీ సహచరులతో కలిసి చూపించారు. అప్పటిదాకా గడ్డి రాక్షసబల్లుల తర్వాత వచ్చిందని పుస్తకాల్లో ఉండేది. ఆ రేణువుల్లో వరి కుటుంబానికి చెందినవి కూడా ఉన్నాయని 2011లో మరో పరిశోధన తేల్చింది. మన అన్నం చుట్టాల్ని రాక్షసబల్లులు మేశాయి.

అప్పటికి మన దేశం గోండ్వానా నుంచి విడిపోయింది. సుమారు 8 కోట్ల 80 లక్షల ఏళ్ళ కిందట మడగాస్కర్‌ను కూడా వదిలేసి ఒంటరిగా ఉత్తరానికి సాగుతోంది. దారిలో పడమర దిక్కున మూడోసారి లావా పొంగింది. దక్కన్ లావా. ఈరోజుకీ 5 లక్షల చదరపు కిలోమీటర్ల నేల దాని కింద ఉంది. ఆ లావా నదీలోయల వెంబడి పారి, సుమారు వెయ్యి కిలోమీటర్లు ప్రయాణించి, రాజమండ్రి దగ్గర సముద్రంలో దిగింది. భూమ్మీద ఇంత దూరం పారిన లావా చాలా అరుదు. కాతేరు, పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో కంకర కొడుతున్న నల్లరాయి అదే. రోడ్డు వేసేటప్పుడు మన కాళ్ళ కింద పరిచే ఆ కంకర మహాయుగం ముగిసిన రోజులది. ఆ క్వారీల్లో కింది లావాకు, పై లావాకు మధ్య సముద్రపు బురద పొర ఒకటి ఉంది. నత్తలు, ఆల్చిప్పలు, కంటికి కనబడని ఫొరామినిఫెరా గుల్లలు అందులో ఉంటాయి. ఆ గుల్లల జాతుల్ని పరీక్షించి, కింది లావా మహాయుగం ముగిసే సమయానికి పరుచుకుందనీ, పైనున్న బురద తర్వాతి యుగం తొలినాళ్ళదనీ 2008లో శాస్త్రజ్ఞులు చెప్పారు.

అదే కాలంలో మెక్సికోలోని యుకటాన్ దగ్గర గ్రహశకలం పడింది. 180 కిలోమీటర్ల గుంట. దుమ్ము, మసి సూర్యుణ్ణి కమ్మేశాయి. ఇరిడియం అనే లోహం ఆధారంగా లూయీ అల్వారెజ్, ఆయన కొడుకు వాల్టర్, వాళ్ళ సహచరులు 1980లో గ్రహశకలం పడిందని చెప్పినప్పుడు చాలామంది నమ్మలేదు. ఇప్పుడు ఎక్కువమంది ప్రధాన కారణం అదేనంటున్నారు. దక్కన్ లావా పాత్ర ఎంతన్న దాని మీద వాదం ఇంకా నడుస్తోంది. జాతుల్లో నాలుగింట మూడు వంతులు పోయాయి. పక్షులు తప్ప రాక్షసబల్లులన్నీ పోయాయి.

ఆ ముగింపుకు కాస్త ముందు తెలుగు నేల మీద ఎవరున్నారో చెప్పి ముగిస్తాను. వికారాబాద్ దగ్గర నస్కల్ అనే ఊరు ఉంది. అక్కడ లావా పొరల మధ్య ఒకప్పటి చెరువు మట్టి మిగిలింది. జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని ఆ మట్టిని కడిగి, జల్లించి, పళ్ళు ఏరారు. 1988లో నేచర్ పత్రికలో ప్రకటించారు. మన దేశంలో క్రెటేషియస్ కాలపు పాలిచ్చే జంతువు దొరకడం అదే మొదటిసారి. దాని పేరు దక్కనోలెస్టెస్ హిస్లోపి. నాగపూర్ హిస్లప్ పేరు ఇలా మరోసారి వినబడింది. తర్వాత చీలమండ ఎముకలు కూడా దొరికాయి. వాటి కీళ్ళ అమరిక చూస్తే పాదాన్ని అటూ ఇటూ తిప్పి కొమ్మలెక్కేదని తెలుస్తోంది. ఒకపక్క లావా, పక్కన రాక్షసబల్లులు, వాటి మధ్య చెట్టు మీద ఇది.

ఆ వంశం మహాయుగం గీత దాటిందా? గుజరాత్‌లోని వస్తాన్ లిగ్నైట్ గనిలో సుమారు 5 కోట్ల 40 లక్షల ఏళ్ళ నాటి మట్టిని కడిగినప్పుడు, గబ్బిలాలు, తొలి కోతిజాతుల పళ్ళ మధ్య దక్కనోలెస్టెస్ కుటుంబానికి చెందిన జంతువు పళ్ళు కూడా దొరికాయి.